ఎజెక్షన్ సీట్ల సేకరణ, జెట్ విమాన నమూనాలు

యుద్ధవిమానంలో పైలట్ కూర్చునే ఆసనమే ఆపద వేళ అతన్ని బయటికి విసిరి, ప్రాణాలతో నేలకు దించే యంత్రంగా మారుతుంది. దాని పేరు ఎజెక్షన్ సీటు. సర్వీసు ముగిసిన ఇలాంటి సీట్లను వెతికి పట్టుకుని, శుభ్రం చేసి, చరిత్రతో సహా భద్రపరిచే వ్యక్తులు బ్రిటన్, అమెరికా, ఇతర ఐరోపా దేశాల్లో ఉన్నారు. జెట్ విమానాలను ప్లాస్టిక్ కిట్ల నుంచి నిర్ణీత నిష్పత్తిలో కట్టేవారు అంతకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. రెండు అభిరుచులకూ బజార్లు వేరు, పనిముట్లు వేరు. అయినా ఒకదానిలో దిగినవారు రెండోదాని గడప తొక్కకుండా ఉండటం అరుదు. కాక్‌పిట్ మూత తెరిచిన నమూనాలో చూపు ముందుగా వాలేది సీటు మీదే. దాన్ని సరిగ్గా చేయాలంటే అసలు సీటును చూసి ఉండాలి. అసలు సీటు ఇంట్లో ఉన్నవారికేమో అది ఏ విమానంలో ఎలా ఒదిగి ఉండేదో చూపడానికి పక్కన ఒక నమూనా కావాలనిపిస్తుంది.

దూకలేనంత వేగం

రెండో ప్రపంచయుద్ధపు తొలినాళ్లలో ఆపద వస్తే పైలట్ మూత తెరిచి, అంచు దాటి, పారాచూట్‌తో దూకేవాడు. విమానాల వేగం పెరిగేకొద్దీ అది ఆత్మహత్యతో సమానమైంది. ఎదురుగాలి మనిషిని లోపలికే తొక్కిపట్టేది. ఎలాగో బయటపడినా తోక తగిలి చనిపోయేవాడు. జర్మనీలో హైంకెల్ సంస్థ సంపీడిత వాయువుతో పైకి లేచే సీటును తయారుచేసింది. 1942 జనవరి 13న ఆ సంస్థవారి 280 రకం జెట్‌ను పరీక్షిస్తున్న హెల్ముట్ షెంక్, మంచు పేరుకుని విమానం మాట వినకపోవడంతో ఆ సీటుతో బయటపడ్డాడు. నిజమైన ఆపదలో ఎజెక్షన్ సీటు వాడి బతికిన మొదటి మనిషి అతనే. స్వీడన్‌లో సాబ్ సంస్థ దాదాపు అదే కాలంలో సొంతంగా ఇలాంటి సీటు మీద పనిచేసింది.

ఈ రంగంలో ఎక్కువగా వినిపించే పేరు మాత్రం బ్రిటన్‌కు చెందిన మార్టిన్-బేకర్. ఉత్తర ఐర్లాండ్‌లో పుట్టిన ఇంజనీరు జేమ్స్ మార్టిన్, పైలట్ వాలెంటైన్ బేకర్ కలిసి 1934లో ఈ సంస్థను స్థాపించారు. మొదట వారి ఆశయం విమానాలు కట్టడమే. 1942 సెప్టెంబరులో తమ ఎంబీ3 యుద్ధవిమానాన్ని పరీక్షిస్తుండగా ఇంజను ఆగిపోయి బేకర్ మరణించాడు. స్నేహితుడి మరణం మార్టిన్‌ను పైలట్ల ప్రాణరక్షణ వైపు మళ్లించింది. ఆ తర్వాతి పనంతా దాని చుట్టూనే సాగింది.

మనిషి వెన్నెముక ఎంత కుదుపును తట్టుకోగలదో అప్పటికి ఎవరికీ తెలియదు. మార్టిన్ ఏటవాలు పట్టాల మీద సీటును తూటా మందుతో పైకి చిమ్మే చట్రం కట్టించాడు. మొదట ఇసుక బస్తాలు, తర్వాత మనుషులు దాని మీద కూర్చున్నారు. సంస్థలో ఫిట్టర్‌గా పనిచేసే బెర్నార్డ్ లించ్ పదే పదే ముందుకొచ్చాడు. 1946 జూలై 24న లించ్ గ్లాస్టర్ మీటియర్ వెనక సీటు నుంచి, గంటకు 320 మైళ్ల వేగంలో, 8,000 అడుగుల ఎత్తున గాలిలోకి లేచి క్షేమంగా దిగాడు. చరిత్ర పుస్తకాల్లో ఈ ఫిట్టర్‌కు దక్కిన చోటు చాలా చిన్నది. అయినా ఆ తర్వాత వేలమంది బతకడానికి అతని వెన్నెముకే తొలి ప్రయోగశాల అయింది. మూడేళ్లకు, 1949 మే 30న, టెస్ట్ పైలట్ జో లాంకాస్టర్ తోక లేని ఏడబ్ల్యూ 52 విమానం విపరీతంగా ఊగిపోవడంతో మార్టిన్-బేకర్ సీటును నిజమైన ఆపదలో వాడిన మొదటివాడయ్యాడు. నూరేళ్లు బతికి 2019లో కన్నుమూశాడు. తమ సీట్లు ఇంతవరకు 7,600 మందికి పైగా ప్రాణాలు కాపాడాయని సంస్థ లెక్క.

రెండు మూడు సెకన్ల పని

తొలి సీట్లకు పట్టుకునే పిడి తల పైన ఉండేది. దాన్ని ముందుకు లాగితే ఒక గుడ్డ తెర ముఖాన్ని కప్పి గాలిదెబ్బ నుంచి కాపాడేది. చేతులు పైకెత్తి రెండు చేతులా లాగాలి కాబట్టి వెన్ను కూడా నిటారుగా నిలిచేది. గురుత్వ బలం నొక్కేస్తున్నప్పుడు చేతులు అంత ఎత్తుకు లేవవని అనుభవం నేర్పాక తొడల మధ్య రెండో పిడి వచ్చింది. ఇప్పటి సీట్లలో చాలా వరకు అదే మిగిలింది. పసుపు, నలుపు చారల ఆ పిడిని సేకర్తలు ముందుగా గుర్తుపడతారు, నమూనాకారులు ఎక్కువగా కష్టపడి చేస్తారు.

పిడి లాగగానే వరస మొదలవుతుంది. కాక్‌పిట్ మూత ఎగిరిపోతుంది, లేదా దాని గాజులో అతికించిన సన్నని పేలుడు తీగ మూతను ముక్కలు చేస్తుంది. హారియర్, హాక్ విమానాల మూతల మీద వంకరటింకరగా కనిపించే తెల్లని గీత ఆ తీగే. నడుము, భుజాల పట్టీలు బిగుస్తాయి, కాళ్లను పట్టీలు సీటుకు లాగేస్తాయి. సీటు కింది గొట్టంలోని తూటాలు పేలి సీటు పట్టాల వెంట పైకి లేస్తుంది. ఆపై రాకెట్ మండి తోకను దాటిస్తుంది. చిన్న పారాచూట్ సీటును నిలకడగా ఉంచుతుంది. బాగా ఎత్తులో ఉంటే ఊపిరాడే ఎత్తుకు దిగేదాకా గాలిపీడనాన్ని కొలిచే యంత్రం పెద్ద పారాచూట్‌ను ఆపి ఉంచుతుంది. చివరికి పట్టీలు వదిలి, సీటు విడిపోయి, మనిషి పారాచూట్‌కు వేలాడతాడు. తక్కువ ఎత్తులోనైతే ఇదంతా రెండు మూడు సెకన్ల పని. ఆ కొద్ది సేపూ శరీరం మీద పడే బరువు మామూలు బరువుకు 12 నుంచి 20 రెట్లు. వెన్నుపూసలు నలగడం ఎజెక్షన్‌లో సాధారణంగా కనిపించే గాయం.

రాకెట్ చేరిక పెద్ద మలుపు. అంతకుముందు నేల మీద నిలిచి ఉన్న విమానం నుంచి తప్పించుకోవడం సాధ్యమయ్యేది కాదు, ఎందుకంటే పారాచూట్ విచ్చుకునేంత ఎత్తుకు తూటా ఒక్కటే ఎత్తలేదు. 1961లో డాడీ హే అనే పారాచూటిస్టు చాల్‌గ్రోవ్ మైదానంలో నిశ్చలంగా ఉన్న సీటు నుంచి ఎగిరి, ఎత్తు సున్నా, వేగం సున్నా అయినా బతకవచ్చని చూపాడు. రష్యన్ సంస్థ జ్వెజ్దా తయారుచేసిన కే-36 సీటు గొప్పదనాన్ని ప్రపంచం 1989 జూన్ 8న పారిస్ విమాన ప్రదర్శనలో చూసింది. నేలకు వంద మీటర్ల లోపు ఎత్తులో మిగ్-29 ముక్కు కిందికి వాలిపోగా అనతోలి క్వోచుర్ ఆఖరి క్షణంలో బయటపడి లేచి నడిచాడు. అదే సంస్థ కేఏ-50 హెలికాప్టర్‌కు చేసిన సీటు, పైన తిరిగే రెక్కలను ముందు పేల్చి విదిల్చాకే పైలట్‌ను పైకి లాగుతుంది.

దారి తప్పిన ప్రయోగాలూ ఉన్నాయి. అమెరికన్ ఎఫ్-104 తొలి రకాల్లో, ఎత్తైన తోకకు తగలకుండా ఉండాలని, సీటు కిందికి పోయేలా చేశారు. టేకాఫ్‌లో ఇంజను ఆగితే పైలట్ నేలలోకి దూసుకుపోవాల్సిందే. తర్వాత దాన్ని పైకి పోయే సీటుతో మార్చారు. బీ-58 బాంబర్‌లో సిబ్బందిలో ప్రతి ఒక్కరికీ మూసుకుపోయే డబ్బా లాంటి కవచం ఉండేది. దాన్ని ధ్వనివేగం మించిన వేగంలో పరీక్షించడానికి 1962లో ఒక ఎలుగుబంటిని కూర్చోబెట్టారు. యూరీ గగారిన్ కూడా 1961 ఏప్రిల్ 12న భూమికి దిగింది ఎజెక్షన్ సీటుతోనే. వోస్తోక్ నౌక నుంచి ఏడు కిలోమీటర్ల ఎత్తున బయటికి వచ్చి, సొంత పారాచూట్‌తో విడిగా దిగాడు. ఆ సంగతిని సోవియట్ యూనియన్ చాలాకాలం దాచింది.

సీటు లేని మనుషులు

సేకర్తల లోకంలో బాధతో చెప్పుకునే విమానం బ్రిటన్ వల్కన్ బాంబర్. ఇందులో ఐదుగురు సిబ్బంది. ఎజెక్షన్ సీట్లు ఇద్దరు పైలట్లకే. వెనక వరసలోని ముగ్గురు నేల తలుపు తెరుచుకుని దూకాలి. 1956 అక్టోబరు 1న సుదూర యాత్ర ముగించుకుని వచ్చిన వల్కన్ లండన్ హీత్రూ దగ్గర వర్షంలో దిగుతూ కూలింది. ముందున్న ఇద్దరూ సీట్లతో బయటపడ్డారు, ఆ రోజు విమానంలో ఉన్న మిగిలిన నలుగురూ చనిపోయారు. వెనక సిబ్బందికి పనికొచ్చే సీటును మార్టిన్-బేకర్ రూపొందించింది. 1960లో వాలియంట్ బాంబర్ నుంచి దాన్ని మనిషితో పరీక్షించి చూపింది కూడా. అయినా ప్రభుత్వం అమర్చలేదు. ఖర్చు, సమయం అన్నవి అధికారులు చెప్పిన కారణాలు. ఆ సిబ్బంది కుటుంబాలకు అవి కారణాలుగా తోచి ఉండవు. వల్కన్ నమూనా కట్టేవారు కాక్‌పిట్ వెనక గదిలో మూడు మామూలు కుర్చీలు పెట్టేటప్పుడు ఈ సంగతి తెలిసి పెట్టడం మంచిది.

సేకరణ: ఏది విలువైనది, ఏది ప్రమాదం

ఎజెక్షన్ సీట్లు మార్కెట్‌లోకి వచ్చే దారి విమానాల తుక్కు ద్వారా. బ్రిటన్‌లో హంటర్, కాన్‌బెరా, లైట్నింగ్, బకనీర్, జాగ్వార్, టోర్నడో రకాలు వరసగా విశ్రాంతి తీసుకునేకొద్దీ వాటి సీట్లు బయటికి వచ్చాయి. తూర్పు ఐరోపాలో సోవియట్ ప్రాభవం ముగిశాక మిగ్-21ల కేఎమ్-1 సీట్లు పశ్చిమ దేశాల సేకర్తలకు చేరాయి. కొందరు పూర్తి సీటును కొంటారు. ఇంటి జాగా, జేబు అనుమతించనివారు పిడులు, ఎర్ర జెండాల భద్రతా పిన్నులు, తలదిండు పెట్టెలు, సాంకేతిక కరదీపికలతో తృప్తిపడతారు. పెద్ద సీటు వంద కిలోల దరిదాపుల్లో తూగుతుంది. మేడ మీది గదిలో పెట్టాలనుకునేవారు ముందు మెట్ల గురించి ఆలోచించాలి. ఇంగ్లండ్‌లో నెవార్క్ ఎయిర్ మ్యూజియం నిర్వహించే కాక్‌పిట్‌ఫెస్ట్‌కు కొందరు ఏకంగా విమానపు ముక్కు భాగాన్ని ట్రెయిలర్ మీద తెచ్చి, సీటుతో సహా ప్రదర్శిస్తారు.

సీటు విలువ దాని మెరుపులో లేదు. దాని మీది లోహపు ఫలకంలో ఉంది. తయారీ సంఖ్య, మార్క్ సంఖ్య, మార్పుల గుర్తులు అందులో ఉంటాయి. వాటి ఆధారంగా ఆ సీటు ఏ విమానంలో, ఏ స్క్వాడ్రన్‌లో పనిచేసిందో వెతకవచ్చు. పాత రంగు గీకి నిగనిగలాడే నల్లరంగు పూసి, చక్రాలు బిగించి ఆఫీసు కుర్చీగా మార్చే వ్యాపారం ఒకటుంది. చూడటానికి బాగానే ఉంటుంది. కానీ ఫలకం పోయిన సీటు చరిత్ర కోల్పోయినట్టే. చిరిగిన పట్టీలు, చెరిగిన హెచ్చరికలు, మెకానిక్ పెన్సిల్‌తో రాసిన తేదీ ఉన్నవి ఉన్నట్టు ఉంచడమే సేకర్త చేయగల మేలు.

ప్రమాదం గురించి కూడా స్పష్టంగా చెప్పాలి. సీటు నిండా పేలుడు పదార్థాలుంటాయి. ప్రధాన తూటా, సహాయక తూటాలు, రాకెట్, చిన్న పారాచూట్‌ను చిమ్మే తుపాకి, పట్టీలు బిగించే గ్యాస్ తూటాలు అన్నీ వేర్వేరు చోట్ల దాగి ఉంటాయి. ఒకటి తీసినంత మాత్రాన మిగిలినవి లేనట్టు కాదు. 2011 నవంబరులో బ్రిటన్ రెడ్ యారోస్ బృందానికి చెందిన హాక్ విమానం నేల మీద ఆగి ఉండగానే సీటు పేలి పైకి లేచింది. బిగించకూడనంత బిగించిన ఒక బోల్టు వల్ల పెద్ద పారాచూట్ విచ్చుకోక పైలట్ చనిపోయాడు. నిపుణుల చేతుల్లో, సర్వీసులో ఉన్న సీటుకే అలా జరిగిందంటే గ్యారేజీలోని పాత సీటు సంగతి చెప్పక్కర్లేదు. పేలుడు భాగాలు పూర్తిగా తీసేసినట్టు ధ్రువపత్రం లేని సీటును కొనకూడదు, ముట్టకూడదు.

ఈ సీట్ల చుట్టూ ఒక విచిత్రమైన కులం కూడా ఏర్పడింది. మార్టిన్-బేకర్ 1957లో ఎజెక్షన్ టై క్లబ్ పెట్టింది. తమ సీటు వల్ల ప్రాణం దక్కినవారికే సభ్యత్వం. టై, పిన్ను, ధ్రువపత్రం, సభ్యత్వ కార్డు ఇస్తారు, మహిళలకు బ్రోచ్. బ్రెమాంట్ గడియారాల సంస్థ ఈ సీట్ల పరీక్షలు తట్టుకునేలా చేసిన చేతి గడియారాల్లో ఎర్రని మధ్యభాగం ఉన్న రకం కూడా సీటు వాడి బయటపడ్డవారికే అమ్ముతారు. డబ్బుతో కొనలేని ఇలాంటి వస్తువుల పట్ల సేకర్తలకు గౌరవం ఎక్కువ.

పదిహేడు మిల్లీమీటర్ల సీటు

నమూనాల వైపు వస్తే, 1/72 నిష్పత్తికి పునాది 1930లలో బ్రిటన్‌లో పడింది. ఆరడుగుల మనిషి అంగుళం ఎత్తున కనిపించే ఈ కొలతలో స్కైబర్డ్స్ చెక్క నమూనాలు, ఆ వెనక ఫ్రాగ్ సంస్థవారి ప్లాస్టిక్ కిట్లు వచ్చాయి. యుద్ధకాలంలో అమెరికా నౌకాదళం శత్రువిమానాలను గుర్తుపట్టడం నేర్పడానికి బడిపిల్లల చేత ఇదే కొలతలో లక్షల చెక్క నమూనాలు చేయించింది. 1953లో ఎయిర్‌ఫిక్స్ తొలి విమాన కిట్ స్పిట్‌ఫైర్ రాకతో ఈ పని మామూలు ఇళ్ల భోజనాల బల్లల మీదికి చేరింది. తర్వాత జపాన్ షిజువోకా ప్రాంతానికి చెందిన తమియా, హసెగావా సంస్థలు కిట్ల నాణ్యతను మరో మెట్టు ఎక్కించాయి. అప్పటి చెకోస్లోవేకియాలో 1989లో మొదలైన ఎడ్వర్డ్ సంస్థ రసాయనంతో చెక్కిన పలుచని లోహపు రేకు భాగాలతో పేరు తెచ్చుకుంది. బ్రిటన్‌లో 1963లో పుట్టిన అంతర్జాతీయ ప్లాస్టిక్ నమూనాకారుల సంఘం, ఐపీఎంఎస్, ఇప్పుడు అనేక దేశాల్లో శాఖలున్న సంస్థ.

సీటు ఎత్తు నాలుగు అడుగులనుకుంటే 1/72లో అది 17 మిల్లీమీటర్లు, 1/48లో 25, 1/32లో 38. ఆ 17 మిల్లీమీటర్లలో తలదిండు, పారాచూట్ పెట్టె, భుజం పట్టీలు, బకిల్, చారల పిడి కనిపించాలి. కిట్‌తో వచ్చే సీటు చాలాసార్లు రెండు మూడు ముక్కల మొరటు ఆకారమే. కాబట్టి కొందరు రెజిన్‌తో పోతపోసిన విడి సీట్లు కొంటారు, కొందరు సన్న తీగ, టేపు ముక్కలు, సీసపు రేకుతో తామే చేసుకుంటారు. మొదట ముదురు బూడిద లేదా నలుపు పునాది రంగు, దాని మీద పల్చటి నల్లని ద్రవంతో మడతల్లో నీడ, ఆరిన బ్రష్‌తో అంచుల మీద లేత రంగు. దిండ్లకు, పట్టీలకు, పారాచూట్ పెట్టెకు రంగులు వేరువేరు. అవి కూడా దేశాన్ని బట్టి, కాలాన్ని బట్టి మారతాయి. చారల పిడికి చారలు గీయడం అందరికన్నా ఓపికగలవారి పని. ముందు పసుపు పూసి, ఆరాక నల్లని సన్న కలంతో చుట్టూ చుక్కలు పెట్టడం చాలామంది అనుసరించే దారి.

పోటీల్లో అనుభవజ్ఞులైన న్యాయనిర్ణేతలు చూసేది పనితనం మాత్రమే కాదు, ఆ విమానానికి ఆ ఏడాది ఆ సీటు ఉండేదా అన్నది కూడా. ఇక్కడే సేకర్త తెలివి నమూనాకారుడికి అక్కరకొస్తుంది. తొలి ఎఫ్-15లు, ఏ-10లు ఎస్కపాక్ సీట్లతో వచ్చాయి. ఏసెస్-2 సీటు తర్వాత వచ్చింది. ఎఫ్-14 మొదటి రకాల్లో ఉన్నది మార్టిన్-బేకర్ జీఆర్‌యూ-7ఏ, చివరిదైన డీ రకంలో ఉన్నది వేరే తరం సీటు. జర్మన్ వాయుసేన ఎఫ్-104 స్టార్‌ఫైటర్లు ప్రాణాలు బలిగొన్న తీరు లోకప్రసిద్ధం. దాదాపు 300 విమానాలు కూలాయి, వందమందికి పైగా పైలట్లు మరణించారు. 1960ల చివర్లో ఆ విమానాల లాక్‌హీడ్ సీట్లు తీసి మార్టిన్-బేకర్ సీట్లు బిగించారు. కాబట్టి 1963 నాటి గుర్తులు వేసిన జర్మన్ స్టార్‌ఫైటర్‌లో మార్టిన్-బేకర్ సీటు పెడితే ఎంత అందంగా ఉన్నా అది తప్పే.

భారతీయ విమానాల్లోనూ ఇలాంటి మెలికలున్నాయి. 1965 యుద్ధంలో పేరు తెచ్చుకున్న నాట్‌లో ఫోలండ్ సంస్థ తేలికపాటి సీటు ఉండేది. దాని నుంచి బెంగళూరు హిందుస్థాన్ ఏరోనాటిక్స్ రూపొందించిన అజీత్‌లో మార్టిన్-బేకర్ సీటు. బయటికి రెండూ కవలల్లా కనిపిస్తాయి. మిగ్-21 తొలి రకంలో పారదర్శక మూత సీటుతోపాటే ఊడివచ్చి పైలట్‌కు గాలి అడ్డుగా నిలిచేది. తక్కువ ఎత్తులో ఆ పద్ధతి నమ్మదగినది కాకపోవడంతో తర్వాతి రకాల్లో కేఎమ్-1 వచ్చింది. నేడు సుఖోయ్-30, మిగ్-29లలో కే-36, తేజస్‌లో మార్టిన్-బేకర్ మార్క్ 16 కుటుంబపు సీటు ఉన్నాయి. 2024 మార్చి 12న జైసల్మేర్ దగ్గర తొలిసారి ఒక తేజస్ కూలినప్పుడు పైలట్‌ను కాపాడింది ఆ సీటే.

తెలుగు పాఠకులకు ఈ తేడాలు కళ్లారా చూసే చోటు విశాఖపట్నం బీచ్ రోడ్డు. అక్కడ ప్రదర్శనలో ఉన్న టీయూ-142 భారీ గస్తీ విమానం సిబ్బందికి ఎజెక్షన్ సీట్లు లేవు. వారు నేల తలుపు గుండా పారాచూట్లతో దూకాల్సినవారే. అదే రోడ్డులో నౌకాదళపు సీ హారియర్ జెట్ ఉంది. అందులో మార్టిన్-బేకర్ సీటు. ఇక నమూనాల విషయానికొస్తే, ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో విమాన నమూనాల తయారీ శిక్షణలో భాగం. తెలుగు రాష్ట్రాల్లోని క్యాడెట్లు చాలామంది మొదటి రెక్క చెక్కింది అక్కడే. హైదరాబాద్ పక్కన దుండిగల్ అకాడమీ, హకీంపేట స్థావరం దశాబ్దాలుగా జెట్ పైలట్లను తయారుచేస్తున్నాయి. సీట్ల పిన్నులు తీయడం, పెట్టడం ఆ శిక్షణలో తొలి పాఠాల్లో ఒకటి.

2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో భారత వాయుసేన మిగ్-21కు వీడ్కోలు చెప్పింది. విశ్రాంత విమానాలను కళాశాలలకు, కూడళ్లకు, మ్యూజియంలకు ఇవ్వడం మన దేశంలో రివాజు. అలాంటి విమానం అందుకునే సంస్థలు ఒక పని చేయాలి. పేలుడు భాగాలు తీసేసిన సీటును విమానం లోపల చీకట్లో వదిలేయకుండా, ఫలకంతో, తయారీ సంఖ్యతో, అది పనిచేసిన స్క్వాడ్రన్ వివరంతో, పిల్లలు దగ్గరగా చూడగలిగే ఎత్తులో పక్కన నిలబెట్టాలి. దాని ముందు ఒక చిన్న నమూనా కూడా పెడితే, సీటు విమానంలో ఎక్కడ ఉండేదో ఎవరూ వివరించాల్సిన పని ఉండదు.